ఒకే బ్యాచ్, రెండు సబ్జెక్టులు, ఒక్క రిపోర్టు

పోయిన నెల ఈ శీర్షికలో జత కోర్సుల గురించి నాలుగు ముక్కలు రాశాం. ఒకే విద్యార్థుల జట్టు రెండు కోర్సుల్లో కలిసి చేరుతుంది. ఆ కోర్సులు చెప్పే ఇద్దరు లెక్చరర్లు ముందే కూర్చుని పాఠాలు ఒకదానికొకటి అందేలా ప్లాన్ వేసుకుంటారు. విషయం అంతే. దాని మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇవీ జవాబులు. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే వేశాం.

మా బీఏలో హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ ఏళ్ల తరబడి ఒకే బ్యాచ్ పిల్లలు కలిసే చదివారు. ఇప్పుడు కొత్తగా జత కట్టేదేముంది? పాత చింతకాయ పచ్చడికి కొత్త పేరు పెడుతున్నారా?
— ఎకనామిక్స్ లెక్చరర్, కర్నూలు

మీ అనుమానంలో సగం న్యాయముంది సార్. ఆ పాత గ్రూపుల్లో పిల్లలు కలిసే ఉన్నారు. కలవనిది మనమే. ఈ వారం మీ బ్యాచ్‌కి పక్క గదిలో హిస్టరీ ఏ యూనిట్ నడుస్తోందో అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

ఈ ఆలోచన అమెరికాలో పుట్టి వందేళ్లవుతోంది. 1927లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ ఒక ప్రయోగ కాలేజీ పెట్టి, సబ్జెక్టుల గోడలు తీసేసి చదువు చెప్పించాడు. అది 1932లో మూతపడింది. 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో తలుపులు తెరిచిన ఎవర్‌గ్రీన్ కాలేజీలో ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి ఒకే పెద్ద ప్రోగ్రామ్ నడుపుతారు, విద్యార్థికి ఆ టర్మంతా అదొక్కటే చదువు. మన కాలేజీల్లో అంత దూరం పోలేం, పోనక్కర్లేదు కూడా. వీటన్నిటిలో చిన్నది జత కోర్సు. రెండు కోర్సుల సిలబస్‌లు, పరీక్షలు, మార్కులు దేనివి దానికే ఉంటాయి. వారాల వరుస, ఒక ఉమ్మడి పని మాత్రం కలుపుతాం.

మీ ఊరి నుంచే ఒక ఉదాహరణ. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కాలువని (కర్నూలు–కడప కాలువ) 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది, సాగునీటికీ పడవలకీ కలిపి. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ అనుకున్నంత రాబడి తేలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసుకుంది. హిస్టరీ క్లాసులో ఇది ఒక పేరా, ఎకనామిక్స్‌లో అసలు రాదు. రెండింటినీ జత చేస్తే ఒకే ప్రశ్న రెండు క్లాసుల్లో తిరుగుతుంది: లాభం వచ్చినా రాకున్నా 5 శాతం ఖాయమైతే, ఖర్చు అదుపులో పెట్టుకోవాలన్న తొందర కంపెనీకి ఎందుకుంటుంది? ఆ కాలువ నీళ్లతో పండిన వరి తిన్న పిల్లలకి ఈ ప్రశ్న అర్థం కావడానికి ఉపోద్ఘాతం అక్కర్లేదు.

మాది డిగ్రీ కాలేజీ. వచ్చే సెమిస్టర్‌లో కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ జత చేద్దామని ఇద్దరం అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? పని భారం ఎంత పెరుగుతుంది? ఉమ్మడి అసైన్‌మెంట్‌కి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తీసుకోవచ్చా?
— కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం

తీసుకోవచ్చు. మీ జిల్లాకి అంతకన్నా దగ్గరి విషయం దొరకదు. అయితే ఫ్లోరైడ్ కన్నా ముందు టైమ్‌టేబుల్ దగ్గర కూర్చోండి. జత కోర్సులు ఎక్కువగా చెడేది అక్కడే, అదీ సెమిస్టర్ మొదలవకముందే.

రెండు కోర్సుల పీరియడ్లు వారానికి కనీసం ఒక రోజు వెంటవెంటనే ఉండాలి, మధ్యాహ్న భోజనానికి ముందు. సాయంత్రం మూడు దాటితే పల్లెవెలుగు బస్సుల పిల్లలు లేచి నిలబడతారు. వాళ్లది తప్పు కాదు, తర్వాతి బస్సు ఏడుకుంటే ఏం చేస్తారు? అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ రెండు కోర్సులూ తీసుకున్నవాళ్లనే ఒక సెక్షన్‌గా విడదీయమని ప్రిన్సిపాల్ గారిని ముందే అడగండి. కెమిస్ట్రీలో 40 మంది ఉండి స్టాటిస్టిక్స్‌కి అందులో 22 మందే వస్తే, మిగతా 18 మంది ముందు మీరు ‘నిన్న స్టాట్స్‌లో చెప్పుకున్నట్టు’ అనలేరు. ఆ మాట అనలేని క్లాసు జత కోర్సు కాదు. 25 నుంచి 30 మంది సరిపోతారు.

తర్వాత వారాల పట్టిక. ఒక పెద్ద కాగితం మీద 15 గడులు గీసి, పైన కెమిస్ట్రీ, కింద స్టాటిస్టిక్స్ రాయండి. అటానమస్ కాని కాలేజీలో సిలబస్ మార్చే అధికారం మీకు లేదు. యూనిట్ల వరుస మార్చుకునే వీలు మాత్రం చాలావరకు ఉంటుంది. శాంప్లింగ్ పాఠం పదో వారంలో పడుతుంటే మూడో వారానికి తెండి. నీళ్లు పట్టుకొచ్చాక శాంప్లింగ్ చెబితే, పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టే. పదిహేను వారాలూ కలవాలని పట్టుబట్టకండి. నాలుగైదు చోట్ల గట్టిగా ముడిపడితే చాలు.

ఇక పని. 30 మంది, తలా రెండు బోర్లు, 60 శాంపిల్స్. ఏ బోర్లు అన్నది స్టాటిస్టిక్స్ క్లాసులో తేలాలి. వదిలేస్తే అందరూ ఇంటి పక్క బోరు పట్టుకొస్తారు. ఊరికి ఒకటి తాగేది, ఒకటి పొలానిది అని నియమం పెట్టుకోండి. అర లీటరు ప్లాస్టిక్ సీసా వాడాలి, గాజుది వద్దు, గాజు ఫ్లోరైడ్‌ని కొంత లాక్కుంటుంది. మోటారు వేశాక ఐదు నిమిషాలు నీళ్లు వదిలేసి, సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద ఊరు, తేదీ, బోరు లోతు, వాడకం రాయాలి. లోతు గురించి ఒక తమాషా ఉంది. రైతులు 300, 350, 400 అడుగులని గుండు సంఖ్యలే చెబుతారు. గ్రాఫ్ గీస్తే చుక్కలన్నీ నిలువు వరసల్లో నిలబడతాయి. కొలిచిన సంఖ్యకీ, నోటితో చెప్పిన సంఖ్యకీ తేడా ఏమిటో చెప్పడానికి స్టాటిస్టిక్స్ లెక్చరర్‌కి ఇంతకన్నా మంచి బొమ్మ ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ల్యాబ్‌లో రంగుని బట్టి ఫ్లోరైడ్ కొలిచే స్పాడ్న్స్ (SPADNS) పద్ధతి మీకు తెలిసిందే. 50 మిల్లీలీటర్ల శాంపిల్‌కి 10 మిల్లీలీటర్ల జిర్కోనిల్–స్పాడ్న్స్ రీఏజెంట్, 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్. ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ రంగు వెలిసిపోతుంది, అందుకని కాలిబ్రేషన్ గీత (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో గీసుకునే గీత) కిందికి దిగుతుంది. పిల్లలు దాన్ని తలకిందులుగా గీసి తెస్తారు, కంగారు పడకండి. రీఏజెంట్‌ని కొలజాడీతో కాదు, పిపెట్‌తోనే తీయించండి, అర మిల్లీలీటరు తేడా వచ్చినా రీడింగ్ మారిపోతుంది. శాంపిల్, స్టాండర్డ్ ద్రావణాలు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఈ రంగుని చెడగొడుతుంది కాబట్టి బోరు నీళ్లకే కట్టుబడండి.

అసలు చిక్కు డైల్యూషన్‌లో ఉంది. ఈ పద్ధతి లీటరుకి 1.4 మిల్లీగ్రాముల దాకానే నమ్మదగింది. మీ వైపు కొన్ని బోర్లు అది దాటతాయి. అప్పుడు సగానికి సగం నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన సంఖ్యని రెండుతో గుణించాలి. తొందరలో ఒకరిద్దరు ఆ గుణకారం మరుస్తారు. 2.6 ఉండాల్సింది 1.3గా రాస్తారు. 26 అని రాస్తే ఎవరికైనా కనిపిస్తుంది. 1.3 అలా కాదు, మిగతా సంఖ్యల మధ్య బుద్ధిగా కూర్చుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒకటే దారి, ప్రతి పది శాంపిల్స్‌కి ఒకటి రెండో సీసాలో కూడా నింపి, వేరే విద్యార్థి చేత కొలిపించడం. 60కి 6 జంటలు. ఒక జంటలో ఒకటి ఇంకొకదానికి సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే ఎక్కడ జారామో తెలిసిపోతుంది. కెమిస్ట్రీ బెంచీ మీద జరిగిన తప్పు స్టాటిస్టిక్స్ క్లాసులో బయటపడే ఆ రోజు కోసమే ఈ జతంతా.

ఫలితాలను బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణంతో పోల్చమనండి. ఫ్లోరైడ్‌కి ఆమోదయోగ్యమైన హద్దు లీటరుకి 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. సగటు ఒక్కటే రాస్తే ఒప్పుకోకండి. మధ్యగతం (మీడియన్), 1.5 దాటినవి ఎన్ని, తాగే బోర్లలో అవి ఎన్ని, ఈ మూడూ ఉండాలి. ఒక జాగ్రత్త: ఒక్క రీడింగ్ చూసి ఊళ్లో ‘మీ నీళ్లు విషం’ అని పిల్లలెవరూ చెప్పకూడదు. హద్దు దాటిన బోరుని ఇంకోసారి కొలిచి, ఆ తర్వాత కాగితం మీద పంచాయతీకి ఇవ్వాలి.

మార్కుల దగ్గర ఒక నియమం తప్పనిసరి. ఉమ్మడి రిపోర్టు రెండు కోర్సుల్లోనూ ఒక్కో అసైన్‌మెంట్ స్థానంలో రావాలి, వాటికి అదనంగా కాదు. అదనంగా పెడితే పిల్లలకి అది మూడో బరువు, నెల తిరిగేలోపు తిట్టుకోవడం మొదలవుతుంది. రిపోర్టు ఒక్కటే, దిద్దేది ఇద్దరూ. కాలిబ్రేషన్, జంటల పోలిక, లెక్కలకు మీరు 10 మార్కులేస్తే, శాంప్లింగ్, పట్టికలు, నిర్ధారణకు స్టాటిస్టిక్స్ లెక్చరర్ 10 వేస్తారు. రెండూ కలిపి సగటు తీయొద్దు. ఎవరి మార్కులు వాళ్ల ఇంటర్నల్స్‌లోకే.

పని భారం సంగతి దాచకుండా చెబుతాం. మొదటి సెమిస్టర్‌లో వారానికి గంటన్నర నుంచి రెండు గంటలు అదనంగా పడుతుంది. అందులో అరగంట మీరిద్దరూ కలిసే సమయం. ఆ అరగంటని టైమ్‌టేబుల్‌లోనే వేయించుకోండి, ‘వీలైనప్పుడు’ అన్నది ఎప్పుడూ వీలుకాదు. ఇద్దరూ ఒకే గదిలో కలిసి పాఠం చెప్పే పద్ధతి మొదటి ఏడాదే ఎత్తుకోవద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన లెక్క ఉంది, పక్కవాళ్ల క్లాసులో కూర్చున్న గంటని అందులో కలపమంటే ఆఫీసులో చాలాచోట్ల ఒప్పుకోరు. సెమిస్టర్‌లో రెండు మూడుసార్లు వెనక బెంచీలో కూర్చుని వినండి, చాలు.

ఇంకొకటి. ప్రభుత్వ కాలేజీల్లో బదిలీలు ఉంటాయి, గెస్ట్ ఫ్యాకల్టీ మారుతుంటారు. ఆ 15 గడుల పట్టిక, రిపోర్టు నమూనా, మార్కుల విభజన, మూడూ ఒక ఫైల్లో పెట్టి డిపార్ట్‌మెంట్‌లో ఉంచండి. మనిషి మారితే జత తెగిపోకూడదు.

తెలుగు, హిస్టరీ జత చేయాలని ఉంది. తెలుగు క్లాసు హిస్టరీకి తోకలా మారిపోతుందేమోనని భయం.
— తెలుగు లెక్చరర్, కడప

ఆ భయం అవసరమే. ఒక కోర్సు ఇంకొకదానికి నోట్సు రాసిపెట్టే పనిమనిషి అయిపోవడం ఈ జతల్లో మామూలుగా వచ్చే రోగం. ఎదురుగా పెట్టుకున్న వస్తువుని రెండు సబ్జెక్టులూ వేర్వేరుగా ప్రశ్నించాలి. అలా చేస్తే ఆ రోగం రాదు.

మీ జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం అలాంటి వస్తువు. మీ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కాలానిది, దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా చెప్పుకునేది. హిస్టరీ క్లాసు ఒకే ప్రశ్న వేయాలి: ఇది క్రీ.శ. 575 నాటిదని అంటున్నాం, శాసనంలో సంవత్సరం లేదు కదా, మరి ఎలా తేల్చారు? లిపి రూపం, రాజుల వంశక్రమం ఆధారంగా కాలం కట్టే పద్ధతి ఆ ప్రశ్నలోంచే బయటికొస్తుంది. 575 అన్నది రాసి ఉన్న తేదీ కాదు, లెక్కగట్టిన తేదీ అని పిల్లలకి తెలియడమే పెద్ద పాఠం.

తెలుగు క్లాసు దాని భాషలోకి దిగాలి. ‘ధనంజయుదు రేనాణ్డు ఏళన్’ అన్న మూడు మాటలు చాలు ఒక గంటకి. ‘ధనంజయుడు’ అనే చోట చివర ‘దు’ ఉంది. ‘ఏళన్’ అంటే ఏలగా, పరిపాలిస్తుండగా. ఇప్పుడు మనం ‘ల’ పలికే చోట అక్కడ ‘ళ’ ఉంది. రేనాడుని ‘రేనాణ్డు’ అని రాశారు. పిల్లల చేత ఈ మూడు మాటలూ బోర్డు మీద రాయించి, వాళ్ల ఊరి మాటల్లో ‘ళ’, ‘ణ’ ఎక్కడెక్కడ వినపడతాయో అడగండి. రిపోర్టులో రెండు భాగాలుంటాయి, ఒకదాన్ని ఇంకొకటి మింగే వీలుండదు.

మా పాప చేరిన కాలేజీలో ఇట్లా రెండు సబ్జెక్టులు కలిపి చెప్తున్నారంట. రేపు పీజీకో, గ్రూప్స్‌కో పోతే ఈ డిగ్రీ చెల్లుతుందా?
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

చెల్లుతుందమ్మా. మార్కుల మెమోలో రెండు కోర్సులు వేర్వేరు పేర్లతో, వేర్వేరు క్రెడిట్లతో మామూలుగానే వస్తాయి. జత అన్న మాట అందులో ఎక్కడా కనిపించదు. యూజీసీ లెక్క ప్రకారం థియరీకి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటలు, ప్రాక్టికల్‌కైతే 30 గంటలు. జత చేసినా ఈ గంటలు తగ్గవు. మీరు చూడాల్సింది ఒక్కటే, ఊళ్లకు తిరిగే పనుంటే ఎప్పుడు, ఎవరితో పంపుతున్నారో కాలేజీ ముందుగా చెబుతోందా లేదా అని.

జత కోర్సుల్లో ఒకటి తప్పితే రెండోది కూడా పోతుందా? మా గ్రూపులో నలుగురిలో ఇద్దరు ఏ పనీ చేయరు. వాళ్లకీ మాతో సమానంగా మార్కులు.
— రెండో ఏడాది విద్యార్థి, నంద్యాల

మొదటిదానికి: పోదు. రెండింటి రిజల్టూ వేర్వేరు. ఒకటి తప్పితే ఆ ఒక్క పేపరే మళ్లీ రాస్తావు. ఇంటర్నల్స్ మార్కులను ఎలా లెక్కలోకి తీసుకుంటారో మీ యూనివర్సిటీ నిబంధనల్లో చూసుకో.

రెండోది న్యాయమైన ఫిర్యాదు, సరిదిద్దాల్సింది లెక్చరర్లే. మీ సార్ వాళ్లకి మర్యాదగా ఇలా చెప్పి చూడు: రిపోర్టులో ఏ పేజీ ఎవరు రాశారో పేరు వేయిస్తాం, చివర మమ్మల్ని ఒక్కొక్కరినీ మూడు నిమిషాలు ప్రశ్నలడగండి, సగం మార్కులు దానికి పెట్టండి. తను పట్టుకొచ్చిన శాంపిల్ ఏ ఊరిదో చెప్పలేనివాడు మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు. అయితే నలుగురి గ్రూపు కూడా కొంచెం పెద్దదే, ముగ్గురైతే దాక్కోవడానికి చోటుండదు.

ఒక సెమిస్టర్ నడిపాం. పిల్లలు బాగా కలిసిపోయారు, మరీ ఎక్కువ కలిసిపోయారు! ఒకడు లేటైతే అందరూ లేటు. టెస్ట్ వాయిదా వేయమని మూకుమ్మడిగా వస్తారు. నా దగ్గర ‘ఆ మేడమ్ టైమిచ్చారు’ అంటారు, ఆమె దగ్గర నా పేరు చెప్తారు.
— లెక్చరర్, గుంతకల్లు

ఇది జత కోర్సులు నడిపినవాళ్లకి బాగా తెలిసిన తలనొప్పి. పిల్లలు ఒకరికొకరు అంటిపెట్టుకోవాలనే కదా ఇదంతా చేసింది, ఆ అంటుకోవడమే హద్దు దాటితే క్లాసు ఒక ముఠాలా తయారవుతుంది. వాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఇద్దరు లెక్చరర్ల మధ్య సందు ఉంటేనే అందులో దూరతారు. గడువు తేదీలు రెండు కోర్సులకీ కలిపి ఒకే కాగితం మీద, ఇద్దరి సంతకాలతో మొదటి వారమే గోడకి అంటించండి. మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలని అందులోనే రాయండి. ‘ఆ మేడమ్ ఇచ్చారు’ అన్న మాట ఆ రోజుతో ఆగుతుంది.

గ్రూపులను మూడు నాలుగు వారాలకోసారి మార్చండి, ఒకే ఊరివాళ్లని ఒకే గ్రూపులో పెట్టకండి. ఒక్కడు పక్కకు పోతే గమనించండి కూడా. అందరూ ఒక్కటైన క్లాసులో ఎవరితోనూ కలవని పిల్లాడు మామూలు క్లాసులో కన్నా ఎక్కువ ఒంటరైపోతాడు. లేటు సంగతికి వస్తే, మీ బ్యాచ్‌లో పొలాల పిల్లలు ఎక్కువైతే అక్టోబర్, నవంబర్‌లలో వేరుశనగ పీకే రోజుల్లో రిపోర్టు గడువు పెట్టారేమో ఒకసారి చూసుకోండి. అప్పుడు రాకపోవడం ముఠా వ్యవహారం కాదు.

ఇది పనిచేసిందని మేనేజ్‌మెంట్‌కి ఎలా చూపించాలి?
— ప్రిన్సిపాల్, కడప జిల్లా

ముందు ఎక్కువ ఆశపెట్టకండి. న్యూయార్క్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో 2003 నుంచి సుమారు 1,500 మంది కొత్త విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి చూశారు. సగం మందిని 25 మందికి మించని జట్లుగా చేసి, మూడేసి కోర్సుల్లో కలిపి కూర్చోబెట్టారు. ఆ సెమిస్టర్‌లో వాళ్లు పాసైన కోర్సులు, తెచ్చుకున్న క్రెడిట్లు పెరిగాయి. కాలేజీలో కొనసాగడంలో మాత్రం వెంటనే తేడా కనిపించలేదు. లాభం ఉంది, అయితే అది మాయలా పనిచేయదు.

మీ దగ్గర లాటరీ వేయడం కుదరదు. ఇష్టపడి చేరినవాళ్లని మిగతావాళ్లతో పోల్చి ‘మా జత బ్యాచ్‌లో పాస్ శాతం ఎక్కువ’ అంటే, చురుకైనవాళ్లే చేరారు కదా అని ఎవరైనా అడిగితే జవాబుండదు. అందుకని ఇంటర్ మార్కులు దగ్గరగా ఉన్నవాళ్లని జత బ్యాచ్ నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు చొప్పున ఎంచి పక్కపక్కన పెట్టండి. మూడు సంఖ్యలు చూడండి: ఆ రెండు పేపర్లలో పాసైనవాళ్లు, హాజరు 75 శాతం దాటినవాళ్లు, తర్వాతి సెమిస్టర్‌లో ఫీజు కట్టి చేరినవాళ్లు. మూడోది అందరూ మరచిపోతారు. ఒక బ్యాచ్‌తో ఏమీ తేలదు, రెండు మూడు బ్యాచ్‌లు ఆగాలి. ఈలోగా ఒక పని చేయండి, 60 శాంపిల్స్ రిపోర్టులాంటిది ఒకటి, మామూలు అసైన్‌మెంట్ ఒకటి తీసి మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టండి.